ఫోను మీటరవుతుందా?

2015లో లండన్ హైకోర్టుకు ఒక విచిత్రమైన తగువు వచ్చింది. అది దొంగతనం కేసు కాదు, ఆస్తి తగాదా కాదు. న్యాయమూర్తి తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: కారు డ్రైవరు తన ముందు పెట్టుకున్న సెల్‌ఫోను మీటరా, కాదా?

“ఇదేం ప్రశ్న? ఫోను ఫోనే, మీటరు మీటరే కదా!” అనుకుంటున్నారా? అంత తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. వేలమంది డ్రైవర్ల బతుకుతెరువు ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

లండన్‌లో అద్దె కార్లు రెండు రకాలు. మొదటి రకం పేరుపొందిన నల్లటాక్సీలు. రోడ్డుపక్కన నిలబడి చెయ్యెత్తితే చాలు, ఆగుతాయి. వాటిలో మీటరు ఉండి తీరాలి. రెండో రకం కార్లు రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగకూడదు. వాటిని ముందుగా మాట్లాడుకుని పిలిపించుకోవాలి. 1998లో చేసిన చట్టం ప్రకారం ఈ రెండో రకం కార్లలో మీటరు ఉండనే కూడదు.

ఇలా ఉండగా 2012లో ఊబర్ కంపెనీ లండన్‌లో అడుగుపెట్టింది. దాని కార్లు రెండో రకానివి. ఫోనులో యాప్ తెరిచి పిలిస్తే కారు ఇంటి ముందుకు వస్తుంది. కాని కిరాయి మాత్రం ఎంత దూరం వెళ్ళారు, ఎంతసేపు పట్టింది అన్నదాన్ని బట్టి లెక్క తేలుతుంది. “మీటరు చేసే పని కూడా అదే కదా! మీటరు ఉండకూడని కారులో ఇది ఎందుకుంది?” అన్నారు నల్లటాక్సీల డ్రైవర్లు. 2014 జూన్ 11న వేలకొద్దీ టాక్సీలు నగరం నడిబొడ్డున రోడ్లకు అడ్డంగా నిలిచిపోయాయి. చివరకు లండన్ రవాణా సంస్థే కోర్టుకు వెళ్ళి, “ఇది మీటరో కాదో మీరే తేల్చి చెప్పండి” అని కోరింది.

తీర్పు ఏమొచ్చిందో తరవాత చెబుతాను. ముందు కాసేపు మనమే న్యాయమూర్తులం అనుకుందాం. తీర్పు చెప్పాలంటే మూడు సంగతులు తెలియాలి. మీటరు ఎలా లెక్క పెడుతుంది? టాక్సీ డ్రైవరు దారి ఎలా కనుక్కుంటాడు? ఈ రెండు పనులూ ఫోను ఎలా చేస్తుంది?

గులకరాళ్ళ బండి

బండి ఎంత దూరం నడిచిందో లెక్కపెట్టే ఆలోచన కొత్తదేమీ కాదు. సుమారు రెండువేల ఏళ్ళ కిందట విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి తన గ్రంథంలో అలాంటి బండి ఒకదాన్ని వర్ణించాడు. దాని చక్రం వ్యాసం 4 అడుగులు. అంటే చుట్టుకొలత సుమారు పన్నెండున్నర అడుగులు. చక్రం ఒక్కసారి తిరిగితే బండి పన్నెండున్నర అడుగులు ముందుకు పోతుంది. 400 సార్లు తిరిగితే? 5,000 అడుగులు. రోమన్ల మైలు అంతే!

చక్రానికి కొన్ని పళ్ళచక్రాలు తగిలించి, 400 చుట్లు పూర్తి కాగానే ఒక గులకరాయి కంచుపాత్రలో పడేటట్లు ఏర్పాటు చెయ్యవచ్చునని ఆయన రాశాడు. రాయి ఖంగుమని పడితే ఒక మైలు అయిందన్నమాట. సాయంత్రం పాత్రలోని రాళ్ళు లెక్కపెట్టుకుంటే ఆ రోజు ప్రయాణం ఎన్ని మైళ్ళో తెలిసిపోతుంది.

టాక్సీ మీటరు ఈ గులకరాళ్ళ బండికి వారసురాలే. 1891లో జర్మనీకి చెందిన బ్రూన్ అనే ఆయన దాన్ని రూపొందించాడని చెబుతారు. “టాక్సా” అంటే రుసుము. “మీటరు” అంటే కొలిచేది. రెండూ కలిసి “టాక్సీమీటరు” అయింది. చూశారా, టాక్సీ అన్న పేరు మొదట బండిది కాదు, మీటరుది! మీటరు పేరే పొట్టిదై బండికి అంటుకుపోయింది. 1897లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో మీటరు బిగించిన డైమ్లర్ మోటారు టాక్సీ తిరిగింది. లండన్‌లో 1907 నుంచి మోటారు టాక్సీలకు మీటరు తప్పనిసరి అయింది.

అయితే ఒక చిక్కుంది. కారు రద్దీలో ఇరుక్కుని కదలకుండా ఉంటే చక్రం తిరగదు. మరి డ్రైవరు పొద్దు ఊరికే పోవలసిందేనా? అందుకని పాత మీటర్లలో చక్రంతో పాటు గడియారం కూడా పెట్టారు. అంకెలను ముందుకు తోసే పని ఇద్దరిదీ. ఏది వేగంగా తోస్తే అంకెలు దాని మాటే వింటాయి.

ఒక లెక్క చేద్దాం. కిలోమీటరుకు 20 రూపాయలు, ఆగి ఉంటే నిమిషానికి 2 రూపాయలు అనుకోండి. గడియారం గంటకు 120 రూపాయల వేగంతో తోస్తుంది. 120ని 20తో భాగిస్తే 6. కారు గంటకు 6 కిలోమీటర్ల కంటే వేగంగా పోతున్నంతసేపూ చక్రానిదే గెలుపు. అంతకంటే నెమ్మదిస్తే గడియారానిది గెలుపు. ప్రయాణికుడికీ నష్టం లేదు, డ్రైవరుకూ నష్టం లేదు.

టైరు అరిగితే?

మరి మీటరు ఎప్పుడూ నిజమే చెబుతుందా? చెప్పదు. అది కిలోమీటర్లు లెక్కపెట్టదు, చక్రం చుట్లు మాత్రమే లెక్కపెడుతుంది. కొత్త టైరుతో చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత సుమారు 188 సెంటీమీటర్లు. కిలోమీటరుకు సుమారు 531 చుట్లు. టైరు అరిగి వ్యాసం 58.8 సెంటీమీటర్లకు తగ్గిందనుకోండి. ఇప్పుడు అదే కిలోమీటరుకు సుమారు 541 చుట్లు తిరగాలి. “ఎక్కువ చుట్లు తిరిగాం కాబట్టి ఎక్కువ దూరం వచ్చాం” అనుకుంటుంది పాపం మీటరు. పది కిలోమీటర్లకు 200 మీటర్లు అదనంగా లెక్క రాసేస్తుంది!

టైరు సంగతి ఇలా ఉంటే, కావాలని పళ్ళచక్రాలు మార్చే మోసగాళ్ళ సంగతి వేరే చెప్పాలా? అందుకే మీటరును ప్రభుత్వం తనిఖీ చేసి సీలు వేస్తుంది. కూరగాయల దుకాణంలో తూకపురాళ్ళ మీద ముద్ర చూశారు కదా? ఆ ముద్ర వేసేది తూనికలు కొలతల శాఖ. మన ఊళ్ళలో ఆటో మీటరును పరీక్షించి సీలు వేసేది కూడా ఆ శాఖే. కిలోమీటరుకు ఎంత అన్నది ప్రభుత్వం ప్రకటిస్తుంది. చుట్లు మీటరు లెక్కపెడుతుంది. అంకెలు డ్రైవరుకూ కనబడతాయి, వెనక సీట్లో ఉన్నవాడికీ కనబడతాయి. అనుమానం వస్తే ఎవరైనా కాగితం, పెన్సిలు పట్టుకుని లెక్క సరిచూసుకోవచ్చు. మీటరు గొప్పతనం అంతా ఇక్కడే ఉంది.

తలలో ఊరి పటం

ఇక రెండో సంగతికి వద్దాం. మీటరు దూరం లెక్కపెడుతుందే తప్ప దారి చూపించదు. డ్రైవరు చుట్టుదారిన తిప్పితే మీటరు ఆ చుట్టుదారికే నిజాయితీగా లెక్క కడుతుంది! అందుకే లండన్‌లో డ్రైవరుకు కూడా పరీక్ష ఉంది. దాని పేరు “నాలెడ్జ్”, అంటే జ్ఞానం. 1865 నుంచి నడుస్తున్న పరీక్ష ఇది. నగరం నడుమ ఉన్న చేరింగ్ క్రాస్ నుంచి ఆరు మైళ్ళ వ్యాసార్ధంలో ఉన్న సుమారు 25,000 వీధులు, వాటిలోని ఆసుపత్రులు, హోటళ్ళు, నాటకశాలలు, స్టేషన్లు నోటికి రావాలి. 320 ప్రధాన మార్గాలు కంఠతా రావాలి. పటం చూడకూడదు. పరీక్షకుడు రెండు చోట్ల పేర్లు చెబుతాడు. ఏ వీధిలో ఎటు తిరగాలో అభ్యర్థి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాలి. మోపెడ్ వేసుకుని వానలో, చలిలో వీధివీధీ తిరుగుతూ నేర్చుకుంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది.

ఇంత చదువు తలలో ఎక్కడ పడుతుంది? ఎలినార్ మగ్వైర్ అనే శాస్త్రజ్ఞురాలికి ఈ సందేహమే వచ్చింది. మన మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ఉంది. ఆకారంలో సముద్రపు గుర్రం అనే చేపలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఏ చోటు ఎక్కడుందో గుర్తుంచుకోవడానికి ఇది ముఖ్యం. మగ్వైర్, ఆమె సహచరులు లండన్ టాక్సీ డ్రైవర్ల మెదళ్ళను స్కానింగ్ చేసి 2000లో ఫలితాలు ప్రకటించారు. మామూలు మనుషులతో పోలిస్తే ఈ డ్రైవర్లలో హిప్పోకాంపస్ వెనక భాగం పెద్దదిగా ఉంది!

“పుట్టుకతోనే పెద్దదేమో! అలాంటివాళ్ళే డ్రైవర్లు అవుతున్నారేమో!” అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. దాన్ని తేల్చడానికి, అప్పుడే చదువు మొదలుపెట్టిన 79 మందిని ఎంచుకుని కొన్నేళ్ళ తరవాత మళ్ళీ పరీక్షించారు. వాళ్ళలో 39 మంది నాలెడ్జ్ పరీక్ష గట్టెక్కారు. మొదట్లో అందరి మెదళ్ళూ ఒకలాగే ఉన్నాయి. తరవాత చూస్తే గట్టెక్కిన వారిలోనే ఆ భాగం పెరిగింది. ఈ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. అంటే పెద్దవాళ్ళయ్యాక కూడా కష్టపడి నేర్చుకుంటే మెదడు మారుతుందన్నమాట.

ఇప్పుడు ఆ డ్రైవరు కోపం అర్థమైంది కదా! నాలుగేళ్ళు ఎండలో వానలో తిరిగి తలలో ఊరిని నింపుకున్నాడతను. ఆ పక్కనే ఫోను పట్టుకుని వచ్చిన కొత్త మనిషి ఆ చదువు లేకుండానే అదే బేరం తీసుకుపోతున్నాడు. మరి ఆ కొత్త మనిషిది మాత్రం పొట్టకూడు కాదా? అతనికీ ఇంటి దగ్గర పిల్లలున్నారు. ఆ చదువంతా అతని తలలోకి బదులు ఫోనులోకి ఎలా వచ్చింది?

ఆకాశంలో గడియారాలు

మూడో సంగతి ఇదే. ఫోనుకు చక్రంతో సంబంధం లేదు. అది ఆకాశం వైపు చెవి ఒగ్గి ఉంటుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. వాటిలో అతి కచ్చితమైన గడియారాలు ఉంటాయి. ప్రతి ఉపగ్రహం “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు ఇంత టైమయింది” అని రేడియో ద్వారా చాటుతూ ఉంటుంది. ఆ సంకేతం సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అయినా మన దగ్గరకు చేరడానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. ఆలస్యం ఎంతో తెలిస్తే దూరం తెలిసినట్లే. మూడు ఉపగ్రహాల దూరాలతో చోటు తేలుతుంది. ఫోనులోని గడియారం అంత గొప్పది కాదు కాబట్టి దాన్ని సరిదిద్దడానికి నాలుగోది కూడా కావాలి. గడియారం సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పిపోతుంది మరి!

చోటు తెలిసింది. దారి మాటేమిటి? 1956లో డైక్‌స్ట్రా అనే డచ్చి యువకుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో తాను పెళ్ళాడబోయే అమ్మాయితో కలిసి షాపింగ్‌కు వెళ్ళి, కాఫీ తాగుతూ కూర్చున్నాడు. ఒక ఊరి నుంచి మరో ఊరికి అన్నిటికంటే దగ్గర దారి ఏదో కనుక్కోవడం ఎలా అని ఆలోచించి, ఇరవై నిమిషాల్లో, కాగితం పెన్సిలు లేకుండానే, పద్ధతి కనిపెట్టాడు. బయలుదేరిన చోట నీళ్ళు పోస్తే అవి అన్ని వీధుల్లోకీ ఒకే వేగంతో పాకుతున్నట్లు ఊహించుకోండి. ఏ కూడలికి నీళ్ళు మొదట ఏ వీధిలోంచి వచ్చాయో అదే అక్కడికి దగ్గర దారి. కంప్యూటర్లు దారి వెతికే పద్ధతులకు పునాది ఇదే. ఇలా ఉపగ్రహాలూ, కంప్యూటర్లూ కలిసి డ్రైవరు తలలోని పటాన్ని ఫోనులోకి తెచ్చాయి.

ఫోనుకూ పొరపాట్లు ఉన్నాయి. ఎత్తయిన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి, తిరిగి తిరిగి ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు కారు పక్కవీధిలో ఉన్నట్లు కనబడుతుంది. ఫోను అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు మాత్రమే గుర్తిస్తుంది. చుక్కలను గీతలతో కలిపితే మలుపులు కోసుకుపోయి దారి పొట్టిదవుతుంది. కారు నిలబడి ఉన్నా చుక్కలు అటూ ఇటూ గంతులేస్తే దారి పొడుగవుతుంది. అందుకని కంప్యూటరు చుక్కలను రోడ్డు పటం మీద సర్ది అప్పుడు లెక్క కడుతుంది. మీటరుకు అరిగిన టైరు ఎలాగో ఫోనుకు ఎత్తయిన గోడలు అలాగన్నమాట.

వాన వస్తే రేటెందుకు పెరుగుతుంది?

ఇంతవరకూ ఇద్దరూ సమానమే. తేడా అంతా ఇప్పుడు వస్తుంది. టాక్సీ మీటరుకు వానా ఎండా తెలియదు. వాన పడితే టాక్సీ రేటు పెరగదు. కాని టాక్సీ దొరకదు! యాప్ పద్ధతి వేరు. ఏ పేటలో ఎంతమంది కార్లు అడుగుతున్నారో, ఎన్ని కార్లు ఖాళీగా ఉన్నాయో కంపెనీ కంప్యూటరుకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. అడిగేవాళ్ళు ఎక్కువై కార్లు తక్కువైతే కిరాయిని ఒకటిన్నరతోనో రెండుతోనో హెచ్చవేస్తుంది. రేటు పెరిగిందని మరికొందరు డ్రైవర్లు అటు వస్తారు, తొందర లేనివాళ్ళు కాసేపు ఆగుతారు. లెక్క ప్రకారం బాగానే ఉంది.

కాని జనం కార్లు ఎందుకు అడుగుతున్నారో ఆ కంప్యూటరుకు తెలియదు. 2014 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఒక సాయుధుడు కాఫీ హోటల్లో జనాన్ని నిర్బంధించాడు. చుట్టుపక్కల వారు భయంతో ఇళ్ళకు పోవాలని కార్లు పిలిచారు. కంప్యూటరు మామూలు ప్రకారం రేటు పెంచేసింది! విమర్శలు వచ్చాక కంపెనీ అక్కడి నుంచి ఉచితంగా తీసుకువెళ్ళింది, వసూలు చేసినదీ తిరిగి ఇస్తామన్నది. హెచ్చవేత ఎంతవరకు ఉండాలో మనిషే చెప్పాలి. మన దేశంలో 2025 జులైలో కేంద్రప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శక సూత్రాలు, రద్దీ వేళల్లో మూల కిరాయికి రెండు రెట్లు మించరాదన్నాయి.

యాప్ చేసిన మేలు కూడా చెప్పుకోవాలి. బేరం కోసం ఖాళీగా తిరిగే అవసరం తగ్గింది. ఎక్కడెక్కి ఎక్కడ దిగారో రికార్డు ఉంటుంది. ఒంటరిగా వెళ్ళే అమ్మాయి తన కారు ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు చూపించగలదు. తరవాతి ఏళ్ళలో, ఎక్కకముందే కిరాయి ఇంత అని చెప్పే ఏర్పాటూ వచ్చింది. ఇది ప్రయాణికుడికి సుఖమే. కాని ఒక్కటి గమనించండి. మీటరు చెప్పేది కొలత. జరిగిన ప్రయాణాన్ని లెక్కపెట్టింది. ముందే చెప్పే కిరాయి అంచనా. జరగబోయే ప్రయాణాన్ని ఊహించింది. కొలతను సరిచూడవచ్చు. అంచనా ఎలా వేశారో చెప్పకపోతే సరిచూడడం ఎలా?

తీర్పు

ఇక న్యాయమూర్తి ఏమన్నారో విందాం. 2015 అక్టోబరు 16న తీర్పు వచ్చింది: ఫోను మీటరు కాదు! ఎందుకని? ఫోను ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, ఆ సమాచారాన్ని కారు బయట ఎక్కడో ఉన్న సర్వర్ అనే కంప్యూటరుకు పంపుతుంది. లెక్క కట్టేది ఆ కంప్యూటరు. ఫోను ఆ జవాబు తెచ్చి చూపిస్తుంది, అంతే. చట్టం వద్దన్నది లెక్క కట్టే పరికరాన్ని. ఫోను లెక్క కట్టడం లేదు కాబట్టి అది మీటరు కాదు.

చట్టం దృష్టిలో ప్రశ్న తేలిపోయింది. కాని తీర్పు చెప్పిన కారణం చూశారా? లెక్క కారులో లేదు! డ్రైవరు పక్కనా లేదు, ప్రయాణికుడి కళ్ళముందూ లేదు. మరి ఆ దూరపు కంప్యూటరుకు సీలు ఎవరు వేస్తారు?

ఈ ప్రశ్న యాప్ నడిపే డ్రైవర్లే వేశారు. మాకు బేరాలు ఎలా పంచుతున్నారు, మా డబ్బు ఎలా లెక్క కడుతున్నారు అని అడుగుతూ కొందరు డ్రైవర్లు కోర్టుకు వెళ్ళారు. ఊబర్ ఐరోపా కార్యాలయం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండడం వల్ల కేసు అక్కడే నడిచింది. డైక్‌స్ట్రా కాఫీ తాగిన ఊరే! 2023 ఏప్రిల్‌లో అక్కడి అప్పీలు కోర్టు చాలావరకు డ్రైవర్లకు అనుకూలంగా తీర్పు చెప్పింది. కిరాయి లెక్కలో వాళ్ళ సమాచారాన్ని ఎలా వాడుతున్నదీ వివరించాలన్నది. నల్లటాక్సీ డ్రైవరూ యాప్ డ్రైవరూ రోడ్డు మీద పోటీదారులే. కాని ఇద్దరూ అడిగింది ఒకటే: లెక్క మాకూ కనబడాలి.

మీరే చేసి చూడండి

ఒక సైకిలు తీసుకోండి. చక్రం వ్యాసం కొలవండి. పెద్ద సైకిలుకు సుమారు 71 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని 22తో హెచ్చవేసి 7తో భాగిస్తే చుట్టుకొలత సుమారు 223 సెంటీమీటర్లు. టైరు మీద ఒకచోట సుద్దతో గుర్తు పెట్టండి. సైకిలును బడి ఆటస్థలం చుట్టూ నడిపించండి. గుర్తు ఎన్నిసార్లు నేలను తాకిందో ఒకరు లెక్కపెట్టాలి. 448 చుట్లు తిరిగితే కిలోమీటరు అయినట్లు. అదే సమయంలో పెద్దవాళ్ళెవరినైనా దూరం కొలిచే యాప్ ఉన్న ఫోను పట్టుకుని మీ వెంట నడవమనండి.

రెండు లెక్కలూ కలిశాయా? కలవకపోతే తప్పు చక్రానిదా, ఫోనుదా? తేల్చడానికి మూడోసారి ఏం చేస్తారో ఆలోచించండి. ఒక పొడవాటి టేపు దొరికితే పని తేలికవుతుంది.